ఎంత దూరంలో నిలబడాలి?

కోఠిలో పాత కెమెరాలు అమ్మే ఒక దుకాణానికి నేను మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ దుకాణాయన అడిగింది ఒకటే ప్రశ్న: "ఏం తీస్తరు సార్?" మొదటిసారి "పిట్టలు" అన్నాను. రెండోసారి "అన్నీ" అన్నాను. మూడోసారికి ఏం చెప్పాలో తోచలేదు. ఈ మధ్యలో రెండు సంగతులు జరిగాయి. ఒక చెరువు గట్టు మీద ఒకాయన నన్ను ఏదో ఆఫీసు మనిషినని అనుకున్నాడు. ఆ తర్వాత నేను టెలిఫోటో లెన్సు చరిత్ర చదివాను.

కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సుతో ఏడాది గడిపాక ఎవరికైనా ఈ పిచ్చి పట్టుకుంటుంది. కరెంటు తీగ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంటుంది. దాని ఎర్రటి ముక్కు, రొమ్ము మీది తెలుపు కంటికి చక్కగా కనిపిస్తాయి. ఫోటోలో మాత్రం తీగ మీద ఒక నీలం చుక్క మిగులుతుంది. దాంతో లెన్సుల వేట మొదలవుతుంది.

దుకాణాయన గాజుబల్ల మీద నాలుగు లెన్సులు వరసగా పెట్టాడు. ఒకటి 55-250: తేలిక, చవక. రెండోది 70-300: కొంచెం బరువు, కొంచెం ధర. మూడోది ఎప్పటిదో 135, జూమ్ లేదు, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, కానీ ఒళ్ళంతా లోహం. నాలుగోది 150-600. దాదాపు రెండు కిలోలు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకోవాలి.

ఇంట్లో కూర్చుని చదవగలిగినంత చదివాను. లెన్సు పొడవయ్యేకొద్దీ చేతి వణుకు కూడా పెద్దదిగా పడుతుందట. 300 దగ్గర తీయాలంటే షట్టర్ కనీసం సెకనులో 300వ వంతు వేగంతో పడాలని పాతకాలపు లెక్క. నాలాంటి వాళ్ళ కెమెరాల్లో సెన్సర్ చిన్నది కాబట్టి దాన్ని ఒకటిన్నరతో హెచ్చవేసుకోవాలి, అంటే సుమారు 500వ వంతు. చవక జూమ్‌లు చివరిదాకా లాగితే వెలుతురు తక్కువ తీసుకుంటాయి. పిట్టలేమో వెలుతురు సరిగ్గా రాని తెల్లవారుజామునే తిరుగుతాయి. ఇవన్నీ పనికొచ్చే సంగతులే. కానీ లెన్సు ఎంత దూరంలో ఉన్నదాన్ని చూపిస్తుందో అందరూ చెబుతారు గానీ, ఆ దూరంలో నిలబడ్డ నేను ఏమవుతానో ఎవరూ చెప్పలేదు.

ముందు అసలు ఈ వస్తువేమిటో చూద్దాం. పదో తరగతిలో చదువుకున్న కుంభాకార కటకం, పుటాకార కటకం గుర్తున్నాయి కదా. దూరంగా ఉన్నది పెద్దగా పడాలంటే నాభ్యంతరం ఎక్కువుండాలి. మామూలు కటకంతో 300 మిల్లీమీటర్ల నాభ్యంతరం కావాలంటే, కటకానికీ ఫిల్ముకీ మధ్య ఇంచుమించు 300 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అంటే కెమెరాకి అడుగు పొడవు గొట్టం తగిలించుకోవాలి. ముందు కుంభాకారం, దాని వెనక కొంత ఎడంగా పుటాకారం పెడితే ఈ గొట్టం పొట్టిదవుతుంది. ముందుది వెలుగుని దగ్గరికి లాగుతుంది, వెనకది దాన్ని కాస్త విప్పుతుంది. ఫలితం, పొట్టి గొట్టంలో పొడుగు నాభ్యంతరం. గెలీలియో దుర్భిణిలో ఉన్నది కూడా ఈ జంటే. ఈ ఏర్పాటుకే టెలిఫోటో అని పేరు. పొడుగు లెన్సులన్నిటినీ మనం టెలిఫోటో అంటాం గానీ, కచ్చితంగా చెప్పాలంటే ఈ పొట్టిచేసే కిటుకున్నదే టెలిఫోటో.

1891లో లండన్‌లో థామస్ రుడాల్ఫస్ డాల్‌మేయర్, జర్మనీలో అడాల్ఫ్ మీథే, స్టైన్‌హైల్ ఇంచుమించు ఒకేసారి ఈ కిటుకుని కెమెరా లెన్సుగా మలిచారు. డాల్‌మేయర్ 1899లో దీని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. తొలి టెలిఫోటోలు వెలుతురు చాలా తక్కువ తీసుకునేవి. అందుకే వాటి ముందు కదలకుండా నిలబడేవాటికే మంచి ఫోటో దక్కేది: కొండ, గోపురం, దూరంగా లంగరేసిన ఓడ.

ఇక్కడ నా చెరువు సంగతి చెప్పాలి. స్నేహితుడి దగ్గర 70-300 అరువు తీసుకుని, చలికాలం పొద్దున్నే పటాన్‌చెరు వైపు ఒక చెరువు దగ్గరికి వెళ్ళాను. కొంగలు మరీ అవతలి ఒడ్డున ఉన్నాయి. నీళ్ళ మధ్యలో థర్మాకోల్ తెప్ప మీద ఒకాయన గొంతుక్కూర్చుని వల లాగుతున్నాడు. వెనక పొగమంచులో కట్టుబడి సగంలో ఉన్న అపార్టుమెంట్లు. పొడుగు లెన్సులోంచి చూస్తే ఆ భవనాలు ఆయన వీపు మీదికే వంగినట్టున్నాయి. నిజానికి ఇది లెన్సు మహిమ కాదు. అంత దూరం నుంచి చూస్తే మనిషికీ భవనాలకీ మధ్య ఎడం మన కంటికీ అలాగే కుదించుకుపోతుంది. లెన్సు చేసిందల్లా ఆ ముక్కని కోసి చూపించడమే. 300 దగ్గర పెద్ద సెన్సర్‌కి సుమారు ఎనిమిది డిగ్రీల ముక్కే దక్కుతుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే కమ్మేంత కూడా కాదు. నాది చిన్న సెన్సర్ కాబట్టి ఇంకా తక్కువ.

ఏడెనిమిది ఫోటోలు తీశాక ఆయన తలెత్తి చూశాడు. తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. తెప్పని మెల్లగా నా వైపే తోసుకుంటూ వచ్చాడు.

"ఏ ఆఫీసు సార్ మీది?"

"ఏ ఆఫీసూ కాదన్నా. ఊరికే పిట్టల్ని తీస్తున్నా."

"నేను పిట్టనా?"

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "మొన్న గిట్లనే ఎవలో దూరంకెల్లి ఫోటోలు తీస్కపోయిన్రు. వారం రోజులకి వచ్చి వల గుంజుకపోయిన్రు" అన్నాడు. నేను కెమెరా వెనక తెర మీద ఆయన ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు. "మంచిగనే వచ్చింది" అన్నాడు. తర్వాత, "ఎక్కడా పెట్టకు సార్" అన్నాడు.

ఆ రోజు ఆయన మాట నాకు కొంచెం అన్యాయంగానే అనిపించింది. నా మొహంలో ఆఫీసు ఎక్కడ కనిపించింది? కొన్ని వారాల తర్వాత హోలోవే జైలు కథ చదివాక ఆయన చూసింది నా మొహాన్ని కాదని అర్థమైంది.

లండన్‌లోని హోలోవే ఆడవాళ్ళ జైలు. ఓటు హక్కు కోసం పోరాడుతున్న స్త్రీలని, అంటే సఫ్రజెట్లని, అక్కడ పెట్టేవారు. పోలీసులకి వాళ్ళ ఫోటోలు కావాలి. కెమెరా ముందు కూర్చోబెడితే వాళ్ళు ఊరుకునేవారు కాదు. తల తిప్పేసేవారు, కళ్ళు మూసుకునేవారు, మొహం వికారంగా పెట్టేవారు. ఫోటోకి నిలబడకపోవడం కూడా వాళ్ళ పోరాటంలో భాగమే. 1913 ఏప్రిల్‌లో మాంచెస్టర్ చిత్రశాలలో బొమ్మల అద్దాలు పగలగొట్టిన ముగ్గురిలో ఎవలిన్ మనెస్టా ఒకరు. ఆవిడ ఫోటో తీయడానికి ఒక కాపలా మనిషి వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత పంచిపెట్టిన ప్రతుల్లో ఆ చెయ్యి లేదు. దిద్ది చెరిపేశారు.

బలవంతంగా తీస్తే ఆ బలవంతం ఫోటోలో పడుతోంది. అందుకని ప్రభుత్వం ఇంకో దారి వెతుక్కుంది. 1913లో ఏడు పౌండ్ల చిల్లర పెట్టి రాస్ కంపెనీ టెలిసెంట్రిక్ లెన్సు ఒకటి కొన్నారు. నాభ్యంతరం 11 అంగుళాలు, అంటే 280 మిల్లీమీటర్లు. ఫోటోగ్రాఫర్‌ని జైలు ఆవరణలో ఒక బండిలో దాచి కూర్చోబెట్టారు. ఖైదీలు వ్యాయామానికి బయటికొచ్చి నడుస్తుంటే బండిలోంచి ఫోటోలు తీశాడు. ఆ స్త్రీలు చాలా మామూలుగా ఉంటారు ఆ ఫోటోల్లో. నడుస్తుంటారు, పక్కవాళ్ళతో మాట్లాడుకుంటుంటారు. ఎవరూ తమని చూడటం లేదని నమ్మిన మనిషి మొహంలో ఎంత నెమ్మది ఉంటుందో అంతా ఉంటుంది. 1914 మార్చి 10న మేరీ రిచర్డ్‌సన్ అనే సఫ్రజెట్ నేషనల్ గ్యాలరీలో వెలాస్కెజ్ గీసిన వీనస్ బొమ్మని కత్తితో చీల్చింది. సఫ్రజెట్లని గుర్తుపట్టి గుమ్మంలోనే ఆపడానికి వాళ్ళ ఫోటోల షీట్లు చిత్రశాలలకి చేరాయి.

11 అంగుళాలు అనగానే నాకు గాజుబల్ల మీది 70-300 గుర్తొచ్చింది. అప్పటి ప్లేట్లు పెద్దవి కాబట్టి ఆ లెన్సు ఇప్పటి 300 అంత దగ్గరగా చూపించి ఉండదు. అయినా పని మాత్రం అదే. చెరువు మీద తెప్పాయన చూసింది నన్ను కాదు, గట్టు మీద మెరిసిన గాజుని. తనకి కనిపించకుండా తనని చూసేవాళ్ళు ఎవరై ఉంటారో ఆయనకి అనుభవం చెప్పింది.

అలాగని ఈ గాజుకి పుట్టుకతోనే పాపం అంటించడం సరికాదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి జైస్ కంపెనీ 180 మిల్లీమీటర్ల సోనార్ తెచ్చింది. దానికి ఒలింపియా సోనార్ అనే పేరు స్థిరపడిపోయింది. బాగా వెలుతురు తీసుకునే లెన్సు, పరిగెత్తేవాళ్ళని కూడా పట్టుకోగలదు. 1995లో కానన్ సంస్థ 75-300 జూమ్‌లో వణుకుని సర్దే ఏర్పాటు పెట్టాక స్టాండ్ లేకుండానే పొడుగు లెన్సు చేత్తో పట్టుకోవడం నాలాంటి వాళ్ళకీ సాధ్యమైంది.

మరి మొదట్లో జంతువుల్ని తీసినవాళ్ళు ఏం చేశారు? ఇంగ్లండులో కియర్టన్ అన్నదమ్ములు 1892లో పిట్టగూడు ఫోటోతో మొదలుపెట్టారు. తర్వాత బోలుగా చేసిన ఎద్దు బొమ్మ లోపల దూరి పిట్టల దగ్గరికి చేరేవారు. మన దేశంలో అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యు. చాంపియన్ పులి నడిచే దారి కనిపెట్టి, అడ్డంగా తీగ కట్టి, దాని కాలు తగిలితే కెమెరా పేలేలా అమర్చాడు. ఆ ఫోటోల పుస్తకం 1927లో వచ్చింది. మద్రాసు ఎం. కృష్ణన్ భాగాలు ఏరి కూర్చుకున్న తన భారీ కెమెరాకి సూపర్ పాండెరోసా అని తనే వెక్కిరింత పేరు పెట్టుకున్నాడు. దాన్ని మోసుకుంటూ అడవి ఏనుగుల దాకా నడిచి వెళ్ళేవాడు. వీళ్ళెవరూ కేవలం లెన్సు మీద ఆధారపడలేదు. పులి ఏ దారిన వస్తుందో తెలియాలి, ఏనుగు ఎప్పుడు చెవులు విప్పుతుందో తెలియాలి. లెన్సులో తక్కువైన మిల్లీమీటర్లని తెలివిడితో పూడ్చుకున్నారు.

కానీ వీళ్ళలాగా దగ్గరికెళ్ళడమే గొప్పని కూడా నేననను. నేలపట్టులో గూడబాతులు గుడ్లు పెట్టే కాలంలో మనం గూటి దగ్గరికెళితే తల్లి లేచిపోతుంది. గుడ్లు ఎండకి వేగుతాయి, లేదా కాకుల పాలవుతాయి. అక్కడ పొడుగు లెన్సు పెట్టుకుని దూరంగా ఆగిపోవడమే మర్యాద. పిట్టని "తీయమంటావా?" అని అడగలేం కాబట్టి దూరంగా ఉంటాం. మనిషిని అడగొచ్చు. అడగడం ఇష్టం లేకనో, అడిగితే ఆ సహజత్వం పోతుందనో దూరంగా ఉంటాం. రెండు దూరాలూ ఫోటోలో ఒకేలా పడతాయి, అదే చిక్కు.

మూడోసారి కోఠి వెళ్ళినప్పుడు దుకాణాయన మామూలుగానే అడిగాడు. "పిట్టలే" అన్నాను చివరికి. 70-300 తీసుకున్నాను, వణుకు సర్దేది, సెకండ్‌హ్యాండ్. 150-600 మోసుకుంటూ ఎక్కువ దూరం నడవలేను. 250కీ 300కీ తేడా పెద్దగా ఉండదు గానీ, నాకు దొరికిన 70-300 ఫోకస్ చురుగ్గా పట్టుకుంది. మొదటి టెలిఫోటో కొనే ఎవరికైనా నేను చెప్పగలిగింది ఇంతే: రెండు గంటలు మెడలో మోయగలిగేది కొనుక్కోండి. దుకాణం గుమ్మంలో నిలబడి ఎదుటి అరుగు మీది మనిషి వైపు ఒకసారి పెట్టి చూడండి. ఆయన మీ వైపు తిరిగినప్పుడు మీ చెయ్యి ఏం చేస్తుందో గమనించండి. నాది కిందికి దిగింది.

తర్వాతి ఆదివారం మళ్ళీ ఆ చెరువుకి వెళ్ళాను. తెప్ప మీద ఆయనే. గట్టు మీద నుంచి చెయ్యి ఎత్తాను. గుర్తుపట్టాడో లేదో, ఆయనా ఎత్తాడు. నేను లకుముకి పిట్టని తీసుకున్నాను. ఆయన్ని తీయలేదు, అడగలేదు కూడా. పాత ఫోటో ఇంకా నా హార్డ్ డిస్క్‌లోనే ఉంది. ఎక్కడా పెట్టలేదు. చెరిపెయ్యనూ లేదు. నేను తీసినవాటిలో ఇప్పటికీ అదే బాగుంటుంది.