సుడి చూస్తారు, పెంపకం అడగరు

జహీరాబాద్ పక్కనే బీదర్. ఈ సరిహద్దు పల్లెల్లో పేరున్న పశువు దేవణి. కోడెను కొనేవాళ్లు పళ్లు చూస్తారు, గిట్టలు చూస్తారు, సుళ్లు వెతుకుతారు. చెయ్యెత్తగానే తల విదిలించి వెనక్కి జరిగితే బెదురు గొడ్డని వదిలేస్తారు. ఆ బెదురు జాతిదా, దూడగా తిన్న దెబ్బలదా అని ఆరా తీసేవాళ్లు తక్కువ. ఆ మాటకొస్తే శాస్త్రవేత్తలూ 1950ల దాకా పెద్దగా తీయలేదు.

వాళ్లకు దారి చూపినవి మన దేశపు కోతులు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో రీసస్ కోతులతో పనిచేసేవాడు. అప్పట్లో ఇవి భారత్ నుంచే ఓడల కొద్దీ వెళ్లేవి. వాటితో వచ్చే జబ్బులు అంటకూడదని పిల్లల్ని పుట్టగానే తల్లి నుంచి విడదీసి పెంచారు. ఒళ్లు చేశాయి గానీ, బోనులో పరిచిన గుడ్డ తీస్తే గగ్గోలు పెట్టేవి. తల్లికి బదులు పెట్టిన బొమ్మల్లో, పాలిచ్చే తీగబొమ్మను కాదని గుడ్డ చుట్టిన బొమ్మనే కరుచుకున్నాయని 1958లో హార్లో ప్రకటించాడు. 1963లో లియొనార్డ్ రోజెన్‌బ్లమ్‌తో కలిసి ఆ గుడ్డ తల్లి నుంచే పిల్ల మీదికి గాలి విసురుగా కొట్టించాడు. పిల్ల పారిపోలేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది. ఒంటరిగా పెరిగిన ఆడకోతులు తల్లులయ్యాక కొన్ని బిడ్డల్ని పట్టించుకోలేదు, కొన్ని కొట్టి కరిచాయి. ఈ ప్రయోగాలే ఒక హింస. తెలిసింది నిజమైనా నాకు మింగుడుపడదు. 1978లో భారత్ కోతుల ఎగుమతిని ఆపేసింది.

మనుషులకూ తోటి కుక్కలకూ అలవాటు పడటానికి కుక్కపిల్లకు 3 నుంచి 12 వారాల వయసు కీలకమని పరిశోధకులు స్కాట్, ఫుల్లర్ 1965లో రాశారు. జాతా, పెంపకమా అన్న చిక్కుముడి మాత్రం చాలాకాలం విడలేదు. 1999లో మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం ఎలుక పిల్లల్ని తల్లులు మార్చి పెంచింది. కన్నతల్లి ఎవరైనా, పిల్లల్ని తక్కువగా నాకే తల్లి దగ్గర పెరిగినవే పెద్దయ్యాక ఎక్కువ బెదిరాయి. 2005లో పరిశోధకుడు డారియో మైస్త్రిపియెరి కోతుల్లోనూ ఇదే చూశాడు: హింసించే తల్లి దగ్గర పెరిగిన ఆడపిల్లల్లో సగానికి పైగా తామూ అలాంటి తల్లులే అయ్యాయి, మంచి తల్లి పెంచినవాటిలో ఒక్కటీ కాలేదు. అలాగని ఇది చెరగని రాత కాదు. ఒంటరి కోతుల్ని తమకంటే చిన్న పిల్లలతో కలిపితే చాలావరకు కోలుకున్నాయని హార్లో, సువోమి 1972 నాటికే చూపించారు.

మన చట్టం ఇంకా గాయం దగ్గరే ఉంది. బండి ఎద్దుల మీద ముల్లుకర్ర వాడకూడదని 1965 నిబంధనల్లోనే రాశారు. 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదన్న నిబంధన 2017లో గానీ రాలేదు. దూడకు పట్టిన భయాన్ని సూటిగా లెక్కలోకి తీసుకునే మాట జంతుహింస నివారణ చట్టంలో లేదు. ఇక జంతువును కొట్టి హింసిస్తే, 1960 నాటి ఆ చట్టం కింద మొదటి నేరానికి పడే జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలు.