ఎవర్ని ఓడించాలి?

1991 నవంబరులో నంద్యాల పార్లమెంటు స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. పి.వి. నరసింహారావు అప్పటికే ప్రధానమంత్రి. కానీ ఏ సభలోనూ సభ్యుడు కాదు. తెలుగువాడు ప్రధాని అయ్యాడు కదా అని తెలుగుదేశం పోటీ పెట్టలేదు. బి.జె.పి. మాత్రం బంగారు లక్ష్మణ్‌ని నిలబెట్టింది. మా అమ్మ పుట్టిల్లు ఆ నియోజకవర్గంలోనే. మా మామూ 1983 నుంచీ సైకిల్ మనిషి. ఎన్టీఆర్ సినిమా ఏదొచ్చినా మొదటాటకు వెళ్ళినవాడు. పైగా అంతకు ఏడాది ముందే, 1990 డిసెంబరులో, హైదరాబాద్‌లో వందమందికి పైగా చచ్చిపోయిన అల్లర్లు కాంగ్రెస్ రాజ్యంలో జరిగాయి. చెన్నారెడ్డిని దింపడానికి కాంగ్రెస్ లోపలివాళ్ళే అంటించారని ఆ రోజుల్లో చాలామంది అన్నారు. మా మామూ కూడా అన్నాడు. అలాంటి మనిషి పొద్దున్నే స్నానం చేసి, ఇంట్లోవాళ్ళందర్నీ వెంటేసుకెళ్ళి చేతి గుర్తుకి ఓటేయించి వచ్చాడు. ఇదేంటి మామూ అని అడిగితే ఆయన చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది: "ఎవరు గెలిస్తే మనకేంరా, ఎవరు గెలవకూడదో అదొక్కటి చూసుకుంటే చాలు."

పి.వి.కి సుమారు 5 లక్షల 80 వేల మెజారిటీ వచ్చింది. అందులో మా మామూ ఇంటి ఓట్లూ ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి, 1992 డిసెంబరు 6న, ఆ ప్రధాని ఢిల్లీలో ఉండగానే అయోధ్యలో మసీదు పడిపోయింది.

ఆ సాయంత్రం మా మామూ మొహం ఎలా ఉందో నేను రాయబోవడం లేదు. మా జాతి కన్నీళ్ళ గురించి రాసినవి ఇప్పటికే చాలా ఉన్నాయి. నేను అడగదలుచుకున్నది వేరే ప్రశ్న. ఎవరు గెలవాలి అన్న ప్రశ్న మా ఇళ్ళల్లో ఎప్పుడు, ఎందుకు ఎవరు ఓడాలి అన్న ప్రశ్నగా మారిపోయింది?

1909 నుంచి 1947 దాకా బ్రిటిష్ ఇండియాలో ముస్లింలకి ప్రత్యేక నియోజకవర్గాలు ఉన్నాయి. అక్కడ నిలబడేవాడూ ముస్లిమే, ఓటేసేవాడూ ముస్లిమే. ఎవర్నో ఆపాలన్న బాధ లేదు. నచ్చినవాడికి వేసుకోవచ్చు. కానీ ఆ ఏర్పాటులో ఇంకో సంగతి ఉంది. హిందూ అభ్యర్థికి ముస్లిం గడప తొక్కే అవసరమే ఉండేది కాదు, ముస్లిం అభ్యర్థికి హిందువు గడప తొక్కే అవసరమూ లేదు. 1946 ఎన్నికల్లో లీగ్ ముస్లిం సీట్లలో అత్యధికం గెలుచుకుంది. అప్పుడు మీరంతా పాకిస్తాన్‌కి ఓటేశారు కదా అని ఇప్పటికీ మమ్మల్ని దెప్పుతుంటారు. అప్పట్లో ఓటు ఆస్తో చదువో ఉన్నవాళ్ళకే. దూది ఏకేవాడికి, జట్కా తోలేవాడికి, బీడీలు చుట్టేదానికి ఓటెక్కడిది? వేయని ఓటుకి మా తాతలు ఇన్నేళ్ళుగా సంజాయిషీ చెప్పుకుంటున్నారు.

దేశం ముక్కలయ్యాక రాజ్యాంగ సభ ప్రత్యేక నియోజకవర్గాల్ని రద్దు చేసింది. మొదట్లో ఉమ్మడి నియోజకవర్గాల్లోనే మైనారిటీలకి కొన్ని సీట్లు కేటాయిద్దామనుకున్నారు. 1949 మేలో అదీ తీసేశారు. తీసేయమన్నవాళ్ళలో బేగం ఐజాజ్ రసూల్ లాంటి ముస్లిం సభ్యులు కూడా ఉన్నారు. కేటాయింపులు మమ్మల్ని వేరుచేసి చూపిస్తాయని ఆమె వాదన. మద్రాసు నుంచి వచ్చిన మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ చివరిదాకా ప్రత్యేక నియోజకవర్గాలే కావాలన్నారు. ఈ ఇద్దరి పేర్లూ చరిత్ర పుస్తకాల్లో కనపడతాయి. కనపడని మూడో పేరు కాజీ సయ్యద్ కరీముద్దీన్. 1949 జనవరి 4న ఆయన ఒక సవరణ పెట్టారు. ప్రత్యేక నియోజకవర్గాలూ వద్దు, కేటాయింపులూ వద్దు, దామాషా ప్రాతినిధ్యం పెట్టండి, ఏ పార్టీకైనా, ఏ సమూహానికైనా ఓట్లు ఎన్నో సీట్లూ అన్ని వస్తాయి అని. చదువు రాని దేశంలో అది సాగదనీ, ప్రభుత్వాలు నిలబడవనీ అంబేద్కర్ కాదన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. సవరణ వీగిపోయింది. ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే సీటు అన్న పద్ధతి ఖాయమైంది. మా మామూ నంద్యాలలో పడ్డ ఇరకాటం ఆనాడే మా నెత్తిన పడింది. నచ్చిన చిన్న పార్టీకి వేస్తే ఓటు మురిగిపోతుంది, నచ్చనివాడు గెలుస్తాడు. ఇది ముస్లింలకే ఉన్న ఇరకాటం కాదు, ఈ పద్ధతిలో ఓటేసే ప్రతివాడిదీ. కాకపోతే ఓడిపోతే ఇల్లు తగలబడుతుందేమోనన్న భయం అందరికీ ఉండదు.

వయోజనులందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలు 1952లో. హైదరాబాద్ రాష్ట్రంలో అప్పటికి పోలీసు చర్య గాయం పచ్చిగానే ఉంది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ లెక్కలో 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయారు. ఆ నివేదికని దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. అంత భయంలో కూడా ఒక వింత జరిగింది. నగరంలో గెలవలేకపోయిన కమ్యూనిస్టు కవి మఖ్దూం మొహియుద్దీన్ నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి శాసనసభకి వెళ్ళాడు. అక్కడ ఓటేసిన రైతులూ కూలీలూ అత్యధికులు హిందువులు. మఖ్దూంని ముస్లిం అని గెలిపించలేదు, ముస్లిం అని ఓడించనూ లేదు. మా దాదాది ఆ తాలూకానే. తన జిందగీలో ఎవర్నో ఆపడానికి కాకుండా ఒక మనిషి కోసం వేసిన ఓటు అదొక్కటేనని చెప్పేవాడు.

ఎత్తుగడ ఓటు అన్నదాన్ని బహిరంగంగా, కాగితం మీద పెట్టి అడిగిన మొదటి సందర్భం 1967. దాని వెనక కథ 1964లో మొదలైంది. కలకత్తా, జంషెడ్‌పూర్, రూర్కెలాలలో వరసగా అల్లర్లు జరిగాయి. ఆ ఆగస్టులో లక్నోలో జమాతులూ ఉలమాలూ కాంగ్రెస్ ముస్లింలూ కలిసి మజ్లిసె ముషావరత్ ఏర్పాటు చేసుకున్నారు. డాక్టర్ సయ్యద్ మహమూద్ అధ్యక్షుడు. ఆయన నెహ్రూ సహచరుడు, పాత కాంగ్రెస్ మనిషి. 1967 ఎన్నికలకి ముషావరత్ తొమ్మిది అంశాల ప్రణాళిక తయారుచేసింది. ఉర్దూ, పాఠ్యపుస్తకాలు, దామాషా ప్రాతినిధ్యం అందులో ఉన్నాయి. పార్టీ ఏదైనా సరే, వీటికి ఒప్పుకున్న అభ్యర్థికి వేయండి అన్నారు. నా దృష్టిలో ఇది మంచి ఆలోచన. భయపడి కాకుండా, అడిగి వేసే ఓటు.

ఏం జరిగింది? ఉత్తరప్రదేశ్‌లో 425 సీట్లలో కాంగ్రెస్‌కి 199 వచ్చాయి, మెజారిటీ పోయింది. ముస్లిం ఓటొక్కటే కారణమని నేననను. కరువు, ధరలు, కాంగ్రెస్ లోపలి ముఠాలు అన్నీ ఉన్నాయి. కానీ కాంగ్రెస్ స్థానంలో వచ్చిన సంయుక్త విధాయక్ దళ్ ప్రభుత్వంలో సోషలిస్టుల పక్కనే జనసంఘ్ కూడా కూచుంది. బీహార్‌లోనూ అంతే. అక్కడి ప్రభుత్వం ఉర్దూని రెండో భాష చేయబోతే దాన్ని వ్యతిరేకిస్తూ ఊరేగింపులు లేచాయి. 1967 ఆగస్టులో రాంచీ తగలబడింది. 184 మంది చనిపోయారు. ప్రణాళికలో అడిగిన అంశమే జనం ప్రాణం మీదికి వచ్చింది. ముషావరత్ చీలిపోయింది, డాక్టర్ ఫరీదీ విడిగా ముస్లిం మజ్లిస్ పెట్టుకున్నారు. అభ్యర్థి దగ్గర హామీ తీసుకోవచ్చు. గెలిచాక అతను ఎవరి పక్కన కూచుంటాడో దాని మీద హామీ ఎవరిస్తారు?

ఇదే పాఠం మాకు తెలుగునేల మీద 1998లో వచ్చింది. ఫిబ్రవరిలో జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో తెలుగుదేశం యునైటెడ్ ఫ్రంట్‌లో ఉంది. చంద్రబాబు ఆ ఫ్రంట్ కన్వీనర్. మసీదు కూలినప్పటి కాంగ్రెస్ మీద కోపంతో ఉన్నవాళ్ళు, బి.జె.పి. రాకూడదనుకున్నవాళ్ళు మా బజార్లలో సైకిల్‌కి వేశారు. 12 సీట్లొచ్చాయి. మార్చిలో ఆ పార్టీ ఓట్లు వాజ్‌పేయి విశ్వాస తీర్మానానికి పడ్డాయి. ఫిబ్రవరిలో బి.జె.పి.ని ఆపడానికి వేసిన ఓటు మార్చిలో బి.జె.పి.ని నిలబెట్టింది. మా మామూ 1991లో తన పార్టీని వదులుకుని మోసపోయాడు. 1998లో తన పార్టీకే వేసుకుని మోసపోయాడు. యు.పి.లో కూడా ఇదే. 1993లో ములాయం, కాన్షీరాం కలిసి నిలబడితే ముస్లింలు గట్టిగా వాళ్ళ వెనక నిలిచారు, బి.జె.పి. అధికారానికి దూరమైంది. 1995 జూన్‌లో అదే బి.జె.పి. మద్దతుతో మాయావతి ముఖ్యమంత్రి అయ్యారు.

ముస్లింలు మూకుమ్మడిగా ఓటేస్తారు, ఓటు బ్యాంకు అంటారు కదా. దీన్ని మా లౌకిక మిత్రులు కూడా నమ్ముతారు, కాస్త మర్యాదగా చెప్తారు అంతే. 1977 చూడండి. తుర్క్‌మాన్ గేట్ కాల్పులూ బలవంతపు ఆపరేషన్లూ అనుభవించిన ఉత్తరాది ముస్లింలు కాంగ్రెస్‌ని వదిలేశారు. యు.పి.లో 85కి 85, బీహార్‌లో 54కి 54 సీట్లు కాంగ్రెస్ పోగొట్టుకుంది. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. పోయిన ఒక్కటీ నంద్యాలే, అక్కడ గెలిచింది జనతా పార్టీ నీలం సంజీవరెడ్డి. తెలుగు ముస్లిం ఇక్కడి తన పక్కింటివాళ్ళలాగే ఓటేశాడు, ఢిల్లీ ముస్లింలాగా కాదు.

సరే, హైదరాబాద్ పాతబస్తీ సంగతేమిటంటారు. అక్కడ కూడా ముద్దలా ఉన్నదేమీ లేదు. 1984 నుంచీ పార్లమెంటుకి సలావుద్దీన్ ఒవైసీని పంపుతున్న జనమే 1994 శాసనసభ ఎన్నికల్లో మజ్లిస్‌కి ఒక్క చార్మినార్ ఇచ్చి, చీలిపోయిన అమానుల్లా ఖాన్ పార్టీకి చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా ఇచ్చారు. మసీదు కూలినప్పుడు మీరేం చేశారని సొంత నాయకుణ్ణే నిలదీశారు. రెండేళ్ళ తర్వాత వెంకయ్యనాయుడు బి.జె.పి. తరఫున హైదరాబాద్‌లో దిగినప్పుడు మళ్ళీ ఒవైసీయే గెలిచారు. మజ్లిస్‌తో నాకు పేచీలు చాలా ఉన్నాయి. తెలుగు మాట్లాడే దూదేకులకీ పల్లెటూరి సాయిబుకీ ఆ పార్టీలో చోటెక్కడ అన్నది అందులో మొదటిది. అయినా పాతబస్తీ ఓటరు కళ్ళు మూసుకుని వేస్తాడనడం అన్యాయం.

ఇంకో మాట. ఈ ఎత్తుగడ ఎవరు వేస్తారు? పోలింగుకి ముందు రాత్రి ఇషా నమాజు అయ్యాక పదిమంది పెద్దలు కూచుంటారు. అందులో బట్టల షాపాయన ఉంటాడు, కాంట్రాక్టరు ఉంటాడు. ఇద్దరు ముగ్గురు అప్పటికే ఎవరితోనో మాట్లాడుకుని వచ్చినవాళ్ళు. తెల్లారేసరికి కౌమ్ నిర్ణయమైపోతుంది. ఆ గుంపులో ఆడవాళ్ళు ఉండరు, నూర్‌బాషీయులు ఉన్నా చివర్న కూచుంటారు. 1991లో మా ముమానీని ఎవరికి వేయాలని ఎవరూ అడగలేదు, ఎక్కడ గుద్దాలో చూపించారు. ఆమె అదే గుద్దిందా అని నేను చాలా ఏళ్ళ తర్వాత అడిగితే నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఓటుతో ఏమీ సాధించలేదా అంటే, సాధించాం. 2004లో తెలుగుదేశం, బి.జె.పి. పొత్తుని ఓడించాలన్న కోపం ఉంది, గుజరాత్ గాయం ఉంది. కానీ ఆ కోపంతోపాటు ఒక కోరిక కూడా వెళ్ళింది, చదువుల్లో ఉద్యోగాల్లో వాటా. కాంగ్రెస్ గెలిచాక 2004 జులైలో 5 శాతం జీవో వచ్చింది. కోర్టులో పోయింది. 2005లో మళ్ళీ పెట్టారు, మళ్ళీ పోయింది. 2007లో మతమంతటికీ కాకుండా వెనకబడిన 14 సమూహాలకి బి.సి.-ఇ కింద 4 శాతం చట్టం చేశారు. దూదేకుల వాళ్ళు అంతకుముందు నుంచే బి.సి.-బి లో ఉన్నారు. 2010లో హైకోర్టు ఆ చట్టాన్నీ కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. మా వాడలో మొదటి ఇంజనీరు, మొదటి నర్సు ఆ 4 శాతంలోంచే వచ్చారు. మసీదు మెట్ల మీద ఒక్క రాత్రిలో తేల్చిన ఎత్తుగడ కాదిది. ఏళ్ళ తరబడి జాబితాలు పట్టుకుని తిరిగినవాళ్ళ పని.

భయంతో వేసిన ఓటుకి ధర ఉండదన్నది నా అభిప్రాయం. ఎటూ మనకే వేస్తారు, వాళ్ళకి వేరే గతేముంది అని తెలిసిన పార్టీ మనకెందుకు జవాబు చెప్తుంది? 2023 డిసెంబరులో ఏర్పడ్డ తెలంగాణ కాంగ్రెస్ మంత్రివర్గంలో ఒక్క ముస్లిం లేడు. దాదాపు రెండేళ్ళ తర్వాత, 2025 అక్టోబరు చివర్లో, జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక ముంగిట్లో అజారుద్దీన్‌తో ప్రమాణం చేయించారు. అవసరం పడ్డప్పుడు గుర్తొస్తాం.

అలాగని మనసుకి నచ్చినవాడికే వేయండి, ఏమైతే అదవుతుంది అని చెప్పే ధైర్యం నాకు లేదు. అదే 2023లో నిజామాబాద్ అర్బన్‌లో బి.ఆర్.ఎస్., కాంగ్రెస్ రెండూ బరిలో ఉన్నాయి, బి.జె.పి. గెలిచింది, రెండో స్థానంలో ఆగిపోయింది షబ్బీర్ అలీ. అలాంటి చోట ఉన్న మా చుట్టాలకి నేను ఫోన్ చేసి సిద్ధాంతం చెప్పలేను. పార్లమెంటుకీ అసెంబ్లీకీ ఒకలాగ, పంచాయితీకీ మునిసిపాలిటీకీ ఇంకోలాగ వేయండని మాత్రం చెప్తాను. వార్డు ఎన్నికలో ఎవర్నో ఆపాల్సిన పని చాలాచోట్ల ఉండదు. అక్కడైనా మన దూదేకుల పిల్లవాడికో, పక్క మాదిగవాడలో పనిచేసే అమ్మాయికో ఇష్టంగా వేయొచ్చు.

శ్రీలంకలో 1978 రాజ్యాంగం దామాషా పద్ధతి తెచ్చింది. 1989 నుంచీ పార్లమెంటు ఎన్నికలు అలాగే జరుగుతున్నాయి. అక్కడి ముస్లిం కాంగ్రెస్ తన ఓట్లతో తన సీట్లు తెచ్చుకుని పెద్ద పార్టీలు రెండింటితోనూ బేరమాడింది. దానివల్ల అక్కడి ముస్లింల కష్టాలు తీరిపోలేదు, ఆ సంగతీ తెలుసు. కానీ ఓటు మురిగిపోతుందన్న భయం చాలావరకు తగ్గింది. కరీముద్దీన్ అడిగింది ఇంచుమించు ఇదే. చదువు రాని దేశమన్న కారణం 1949లో చెప్పారు. ఇప్పుడు మా ముమానీ మనవరాలు సెల్‌ఫోనులో నియోజకవర్గాల వారీ లెక్కలు తీసి వాళ్ళ తాతతో వాదిస్తోంది. ఆ సవరణని మళ్ళీ బల్లమీద పెట్టమని, మా ఓట్లు తీసుకున్న ఏ లౌకిక పార్టీనీ మేం ఇంతవరకు గట్టిగా అడగలేదు.