మద్రాసు చెరువులూ, మన యిండ్లూ

ఉగాదినాడు పంచాంగశ్రవణంలో మనవారు చెవి ఒగ్గి వినేవి రెండు. ఒకటి తమ రాశికి ఆదాయవ్యయాలు, రెండవది ఆ యేటి వర్షం ఎన్ని కుంచాలన్నది. సముద్రంలో ఇంత, కొండలమీద ఇంత, భూమిమీద ఇంత అని సిద్ధాంతిగారు వాటాలు చెబుతారు. భూమిమీద పడిన వాటా ఎటు పోతుందన్నది మాత్రం పంచాంగంలో ఉండదు. అది ఊరి చరిత్రలో ఉంటుంది. చెన్నపట్నంలో తరతరాలుగా కాపురముంటున్న మన కుటుంబాలకు ఆ చరిత్ర కొంత మనవి చేయాలని ఈ వ్యాసం తలపెట్టాము.

త్యాగరాయనగరం సంగతే చూడండి. నూరేండ్ల క్రిందట అది ఊరు కాదు. నుంగంబాకం మొదలు సైదాపేట దిక్కుగా సాగిన పెద్ద చెరువు ఉండేది. ఇంగ్లీషువారు దానిని లాంగ్ ట్యాంక్ అనేవారు, అనగా పొడుగు చెరువు. 1920లో పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. ఆ దశాబ్దంలోనే మాంబళం వైపు నీరు తీసివేసి ఇండ్ల స్థలాలు వేశారు. కొత్తపేటకు పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు పెట్టారు. నడుమ ఉన్న ఉద్యానానికి పానగల్లు రాజావారి పేరు పెట్టారు. ఇద్దరూ తెలుగువారే. తెలుగు సినిమా మద్రాసులో ఉన్నన్నాళ్లు మన నటులు, రచయితలు, గాయకులు ఎందరో ఆ పేటలోనే ఇండ్లు కట్టుకున్నారు. పేరూ మనదే, చెరువు అడుగూ మనకే దక్కింది!

పశ్చిమ మాంబళంలో ఈనాటికీ లేక్ వ్యూ రోడ్డు ఉన్నది. అక్కడ నిలబడి ఎటు చూచినా చెరువు కనబడదు. నుంగంబాకంలో లేక్ ఏరియా అనే పేట ఉన్నది. 1976లో తెరచిన వళ్లువర్ కోట్టం కూడా పాత చెరువు నేలమీదిదే. తిరువల్లిక్కేణి పేరులోనే కలువల కోనేరు ఉన్నది. చెరువు కట్టను తవ్వివేయవచ్చు, తూములు పూడ్చవచ్చు, పల్లాన్ని మాత్రం తీసివేయలేము. 2021 నవంబరు మొదటివారంలో పెద్దవాన కురిసినప్పుడు త్యాగరాయనగరం వీధులలో రోజుల తరబడి నీరు నిలిచింది. చరిత్ర తెలిసినవారికి అందులో ఆశ్చర్యం లేదు. ఆ నీరు పాత స్థలానికే వచ్చింది.

ఈ నగరంలో నదులు మూడు: ఉత్తరాన కొసస్తలై, నడుమ కూవం, దక్షిణాన అడయారు. వేసవిలో వీటిని నదులంటే పరాయివారు నవ్వుతారు. 1943లో కూవం పొంగి నగరాన్ని ముంచినప్పుడు నవ్వినవారు లేరు. 2015 నవంబరులో చెన్నైలో 1,049 మిల్లీమీటర్ల వాన పడింది. 1918 నవంబరు తరువాత అంతటి నవంబరు వాన అదే. చెరువులన్నీ నిండి ఉండగా డిసెంబరు 1న తాంబరంలో ఒక్కరోజున 49 సెంటీమీటర్లు కురిసింది. చెంబరంబాకం చెరువునుండి 29,000 క్యూసెక్కుల వరకు అడయారులోకి వదిలారు. దానికి తోడు దిగువనున్న చిన్న చెరువుల పొంగు కూడా అదే నదిలో చేరింది. వందలాది ప్రాణాలు పోయాయి. విమానాశ్రయం 6వ తేదీ వరకు మూతబడింది. దాని రెండవ రన్‌వేను అడయారు మీదుగానే పొడిగించారు మరి. నీటి విడుదలను గురించి ఆడిట్ అధిపతి నివేదిక కూడా తప్పుపట్టింది. తప్పెవరిదన్న వాదం అటుంచితే, నదికి ఆనుకొని స్థలాలు అమ్మినవారినీ, విచారించకుండా కొన్నవారినీ కూడా లెక్కలో వేయాలని మా అభిప్రాయం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటకముందే వేళచ్చేరి, పళ్లికరణై, ముడిచ్చూరు ప్రాంతాలను ముంచిపోయింది.

ఇల్లు కొనేవారు లాయరుకు దస్తావేజులు చూపిస్తారు, వాస్తు పండితునికి గుమ్మం చూపిస్తారు. పాత సర్వే పటంలో ఆ స్థలం ఏరి పోరంబోకుగా గాని, కాలువగా గాని ఉన్నదేమో చూడాలి. ఆ వీధి చాకలినో, పాలవానినో 2015లో నీరు ఎక్కడిదాకా వచ్చిందని అడిగితే గోడమీద చెయ్యి పెట్టి చూపిస్తారు. రోడ్డు ఎత్తు కూడా చూడాలి. తారుమీద తారు పోస్తూ పోగా రోడ్డు పైకి లేచి, పాత ఇండ్ల గడపలు క్రిందికి దిగిపోయిన వీధులు ఈ నగరంలో కొల్లలు.

ఇక బీమా. మన దేశంలో సామాన్య గృహస్థు వరదకోసం వేరే బీమా వెతకనక్కరలేదు. అగ్నిప్రమాద బీమా వంశంలోనిదే అది. 1973 జనవరి 1న 107 కంపెనీలను నాలుగింటిలో చేర్చి జాతీయం చేశారు. ఆ నాలుగింటిలో యునైటెడ్ ఇండియా ప్రధాన కార్యాలయం చెన్నైలోనే ఉన్నది. తరువాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి, పాలసీలు రకరకాలయ్యాయి, చదివేవారు తగ్గారు. అందువల్ల బీమా నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుండి అన్ని కంపెనీలకూ ఒకే నమూనా ఏర్పరచింది. దాని పేరు భారత్ గృహ రక్ష. అగ్ని, భూకంపం, తుపాను, వరద, జలమయం అన్నీ అందులో ఉన్నవి.

దీనిలో మనవారు పొరబడేది ధర దగ్గర. బీమా స్థలానికి కాదు, కట్టడానికి. కోటి రూపాయల ఫ్లాటులో ఎక్కువ భాగం భూమి వెల. భూమిని వరద ఎత్తుకుపోదు. 1,000 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 2,500 రూపాయలు కట్టుబడి అనుకుంటే బీమా మొత్తం 25 లక్షలు. ఇంటి సామానుకు అందులో 20 శాతం, అనగా 5 లక్షలు, జాబితా ఇవ్వకుండానే వర్తిస్తుంది. ఈ వాటాకు పరిమితి 10 లక్షలు. నగలకు వేరే కోరి తీసుకోవాలి. తక్కువకు బీమా చేశారన్న నెపంతో పరిహారాన్ని అదే నిష్పత్తిలో కోసే పాత పద్ధతి ఇందులో లేదు. ఇది గొప్ప మేలు. ఏటేటా గోడ చెమర్చి పెచ్చులూడితే మాత్రం అది వరద కాదు, మరమ్మతు.

నీరు తీసిన వెంటనే ఇల్లు కడిగి పాడైనవన్నీ వీధిలో పారవేయడం మన ఆడవారి అలవాటు. సర్వేయరు వచ్చి చూచేవరకు, కనీసం ఫోటోలు తీసేవరకు ఆగాలి. బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్నవారు పాత కాగితాలు ఒకసారి తిరగవేయాలి. అప్పుతోపాటు ఇంటికి బీమా చేయించి ఉండవచ్చు, దాని గడువు తీరిపోయి కూడా ఉండవచ్చు. అద్దెకున్నవారు తమ సామాను మట్టుకు బీమా చేయించుకొనే వీలున్నది. కట్టడం సంగతి ఇంటి యజమాని చూచుకుంటాడు.