కొలువులో మౌనం – చరిత్రలో సాక్ష్యం: జియాఉద్దీన్ బరనీ

ఉపోద్ఘాతం

క్రీ.శ. 1323 నాటి ఓరుగల్లు పతనాన్ని పరిశీలించే వారికి తప్పనిసరిగా ఎదురయ్యే పారశీక గ్రంథం ‘తారీఖ్-ఇ-ఫిరోజ్‌షాహీ’. దాని కర్త జియాఉద్దీన్ బరనీ. ఒక చరిత్ర గ్రంథం నుంచి సంఘటనలను స్వీకరించేటప్పుడు, వాటిని చెప్పిన వ్యక్తి ఎక్కడ నిలబడి చెప్పాడో కూడా చూడవలసి ఉంటుంది. కొలువులో ఉన్నప్పుడు చెప్పలేకపోయిన మాటను పదవి పోయిన తరువాత రాసినవాడు బరనీ. ఈ స్థితి అతని చరిత్రకు బలాన్నీ, పరిమితినీ ఎట్లా ఇచ్చిందో చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

జీవితం

బరనీ సుమారు 1285లో జన్మించాడు. బరన్ అంటే నేటి ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్. ఆ ఊరి పేరే అతని పేరులో నిలిచింది. అతనిది సుల్తానుల కొలువులో పలుకుబడి గల కుటుంబం. తండ్రి సోదరుడు అలాఉల్ ముల్క్, అలాఉద్దీన్ ఖిల్జీ కాలంలో ఢిల్లీ కొత్వాలు. కవులు అమీర్ ఖుస్రో, అమీర్ హసన్ బరనీకి మిత్రులు. అతడు సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా శిష్యుడు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో 17 సంవత్సరాల 3 నెలల పాటు నదీమ్‌గా, అంటే సుల్తాను గోష్ఠిలో కూర్చుండే ఆంతరంగికుడుగా ఉన్నాడు.

1351లో ఆ సుల్తాను మరణించాడు. ఫిరోజ్ షా పాలనలో బరనీ తన స్థానాన్ని కోల్పోయి పేదరికంలో పడ్డాడు. ఆ దశలోనే 1357లో, హిజ్రీ లెక్కన 74 ఏళ్ల వయసులో, తన చరిత్రను పూర్తి చేశాడు. మిన్‌హాజ్ సిరాజ్ ‘తబకాత్-ఇ-నాసిరీ’ తరువాతి కాలాన్ని అందుకొని, 1266లో బల్బన్ సింహాసనం ఎక్కడంతో మొదలుపెట్టి, ఫిరోజ్ షా తొలి ఆరేళ్ల వరకు నడిపాడు. మరణించేనాటికి అతని చేతిలో చిల్లిగవ్వ కూడా లేదని మీర్ ఖుర్ద్ ‘సియరుల్ ఔలియా’ వల్ల తెలుస్తున్నది.

చెప్పలేని మాట

చరిత్రకారుడికి సత్యసంధత ప్రధానమని బరనీ తన పీఠికలో ప్రతిపాదించాడు. అయితే ఆ నియమాన్ని కొలువులో తాను పాటించలేదని గ్రంథంలోనే ఒప్పుకున్నాడు. దేవగిరి విజయానికి ఢిల్లీ పెద్దలు పంపిన అభినందనలతో అతడు సుల్తానును కలుసుకున్న ఘట్టం ఇందుకు ఉదాహరణ. సుల్తాను తిరుగుబాట్లను ప్రస్తావించాడు. వాటన్నింటికీ మితిమీరిన శిక్షలే కారణమని చెప్పాలని బరనీకి తోచింది. ఆగ్రహానికి జడిసి చెప్పలేదు. ఆనాటి ఆ మౌనమే ముసలితనంలో గ్రంథానికి ప్రేరణలలో ఒకటి అయిందని భావించవచ్చు.

అయితే ఈ పశ్చాత్తాపంతో పాటు వంశాభిమానం కూడా అతనిలో బలంగా ఉంది. తక్కువ పుట్టుక గలవారికి విద్య, పదవులు దక్కరాదన్నది ‘ఫతావా-ఇ-జహాందారీ’లో అతని వాదం. సుల్తాను అజీజ్ ఖమ్మార్ వంటి వారికి అధికారం ఇవ్వడాన్ని అతడు తీవ్రంగా నిరసించాడు. ఖమ్మార్ అంటే కల్లు, సారా అమ్మేవాడు. మంగలి, వంటవాడు, తోటమాలి వంటి వారు కూడా ఆ నిందలో చోటు చేసుకున్నారు. వీరిని అవమానించడానికే బరనీ పేర్కొన్నాడు. కానీ వృత్తికులాల వారు 14వ శతాబ్దంలో రాజ్యాధికారంలోకి రావడానికి నేడు ఆ నిందే ఆధారమైంది. రచయిత ఉద్దేశాన్ని దాటి సాక్ష్యం పనిచేయడం అంటే ఇదే.

ఓరుగల్లు కథనం

ఓరుగల్లు మొదటి ముట్టడి విఫలం కావడానికి కారణం ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ చనిపోయాడన్న పుకారు. దానిని పుట్టించినవారు కవి ఉబైద్, అతని సహచరుడు అని బరనీ చెప్పాడు. ఇబ్న్ బతూతా మాత్రం ఆ పుకారు వెనుక సేనానిగా ఉన్న యువరాజు ఉలుగ్ ఖానే ఉన్నాడని రాశాడు. ఆ యువరాజే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్. 1351 నుంచి 17 ఏళ్లు వెనక్కి లెక్కిస్తే, ముట్టడి నాటికి బరనీ ఆ కొలువులో చేరలేదు. కనుక ఇది ప్రత్యక్ష సాక్ష్యం కాదు. అటుపై తనను పోషించిన ప్రభువును గురించి చాలా ఏళ్ల తరువాత రాసినది. అతని మాటను తోసిపుచ్చనవసరం లేదు గాని, బతూతా కథనంతో తూచి చూడడం అవసరం.

ప్రతాపరుద్రుని విషయంలోనూ ఇదే పద్ధతి అనుసరణీయం. రాజును ఢిల్లీకి పంపినట్లు బరనీ రాశాడు. మార్గమధ్యంలో నర్మదా తీరాన రాజు మరణించిన సంగతి ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం వల్ల తెలుస్తున్నది. విజేతల పక్షాన రాసినవాడికి రాజు ప్రయాణం చాలింది. ఓడిన ప్రజలకు అతని మరణం ముఖ్యమైంది. ఈ రెండూ కలిస్తేనే మన చరిత్ర నిండుగా కనిపిస్తుంది.

ముగింపు

భయం, కృతజ్ఞత, వంశగర్వం, పశ్చాత్తాపం – ఈ నాలుగూ బరనీ కలాన్ని నడిపాయి. వీటిని దోషాలుగా మాత్రమే చూస్తే అతని గ్రంథం అనుమానాస్పదంగా మిగులుతుంది. సాక్షి నిలిచిన చోటును తెలిపే గుర్తులుగా గ్రహిస్తే, అదే గ్రంథం మరింత ఉపయోగపడుతుంది. తెలుగు సాహిత్య చరిత్రలో కాకతీయానంతర యుగాన్ని అధ్యయనం చేసేవారు బరనీని శాసనాలతో కలిపి చదవాలి. అప్పుడు అతడు చెప్పిన దానితో పాటు చెప్పకుండా విడిచినదీ ఆధారం అవుతుంది.