సోలెడు బియ్యం, కంచెడు అన్నం

ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు ఏమైనా రాయమని సంపాదకులు కోరారు. ఫైళ్ళ గొడవలు, ఇంక్రిమెంట్ల బాధలు మనందరికీ తెలిసినవే. అందుచేత రోజూ మన కంచంలోకి వచ్చే అన్నాన్ని మనవాళ్ళు ఎలా కొలుచుకుంటూ వచ్చారో నాలుగు మాటలు రాస్తున్నాను. ఆ కొలత తెలియక నేను పడిన ఇబ్బంది కూడా చెబుతాను.

నా చిన్నతనంలో కోటబొమ్మాళిలో తక్కెడ కిరాణా కొట్లో ఉండేది. ఇంట్లో కొలతపాత్రలే. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని ఎక్కాలతోపాటు వల్లించేవాళ్ళం. అది పుస్తకంలో లెక్క. ఊరు మారితే కుంచం మారేది. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనేవారు కాదు, ‘లాభం’ అని మొదలుపెట్టి ‘రెండు, మూడు’ అని సాగేవారు. కంబారికి జీతం కుంచాల్లోనే. కుంచం గోపురంగా పోశారా, చేత్తో సమంగా రాసేశారా అన్నదాన్నిబట్టి ఆ ఇంట్లో ఎన్నాళ్ళు పొయ్యి వెలుగుతుందో తేలేది.

1956లో మెట్రిక్ తూనికల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి కిలోలు అమలులోకి రావడం మొదలై, 1962 ఏప్రిల్ నాటికి పాత తూనికలు చట్టరీత్యా చెల్లకుండా పోయాయి. కొట్లో సేరు పోయింది గాని, మా వంటింట్లో సోల పోలేదు. మా అమ్మ మనిషికి సోలెడు చొప్పున ఎసట్లో పోసి, ఎవరైనా రావచ్చునని ఇంకో పిడికెడు వేసేది.

కేలరీల లెక్క కూడా మన దేశంలో లావు తగ్గడం కోసం మొదలైనది కాదు. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన వైపే, బెరిబెరి జబ్బు ఎక్కువగా ఉండేది. ఉప్పుడు బియ్యం తినేవారికి అది అంతగా వచ్చేది కాదు. మనం తినేది మరపట్టిన పచ్చిబియ్యం. తవుడుతోపాటు బి1 విటమిను పోవడమే కారణం. 1918లో కూనూరులో డాక్టర్ మెక్కారిసన్ బెరిబెరి పరిశోధన ప్రారంభించారు. ఆ సంస్థే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అని పిలుస్తున్నాం. 1937లో అప్పటి డైరెక్టరు డాక్టర్ ఆక్రాయిడ్ మన ఆహార పదార్థాల పోషక విలువలను పట్టికలుగా ప్రకటించారు. మనిషికి చాలినంత అందుతున్నదా అన్నది ఆనాటి ప్రశ్న. ఎక్కువవుతున్నదేమో అన్నది ఇప్పుడు మన ప్రశ్న.

ఇక నా సంగతి. కొన్నేళ్ళ క్రితం షుగరు వచ్చింది. మాత్రలతోపాటు ఒక ఆహార పట్టిక ఇచ్చారు. ‘పూటకు బియ్యం 75 గ్రాములు’ అని అందులో ఉంది. మా అబ్బాయి చిన్న కాటా కొనితెచ్చాడు. కోడలు శ్రద్ధగా 75 గ్రాముల అన్నం తూచి వడ్డించేది. నాలుగో రోజున బజారుకు బయలుదేరిన నాకు ఒళ్ళంతా చెమట, కాళ్ళు వణుకు. తెలిసినవారెవరో కూర్చోబెట్టి పంచదార నీళ్ళు తాగించారు. డాక్టరుగారు అంతా విని, “బియ్యమంటే బియ్యమేనండీ, అన్నం కాదు” అన్నారు. ముప్పయ్యేళ్ళకు పైగా జీవోలు అక్షరం అక్షరం చదివినవాణ్ణి, నా ప్రాణానికి సంబంధించిన కాగితంలో ఒక్క మాట సరిగా చదువుకోలేకపోయాను. అందులో కోడలి తప్పేమీ లేదు.

లెక్క ఇది. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు. ఉడికితే నీరు పీల్చుకుని అవే రెండున్నర, మూడు వందల గ్రాముల అన్నమవుతాయి. కేలరీలు మాత్రం పెరగవు. అందుచేత వంద గ్రాముల అన్నంలో ఉండేవి సుమారు 130 మాత్రమే. అంటే పూటకు 260 కేలరీలు అందవలసిన చోట నాకు అందినవి వంద. దీనికి తిరగేసి, అన్నానికి చెప్పిన తూకాన్ని బియ్యానికి లెక్కవేసుకుంటే రెండింతలకు పైగా కడుపులో పడుతుంది. సేమ్యాకూ, పిల్లలు తినే పాస్తాకూ కూడా ఎండుగా ఉన్నప్పటి తూకం వేరు, ఉడికాక తూకం వేరు.

ఆ తరువాత అటకమీది ఇత్తడి సోల దింపించి, దాని నిండా బియ్యం పోసి తూచాను. రమారమి రెండు వందల గ్రాములు. గిద్దెడు యాభై. నా పూట లెక్క గిద్దెన్నర అని తేలింది. ఇప్పుడు కాటా అక్కరలేదు. మా అమ్మ మనిషికి ఇంతని బియ్యాన్నే కొలిచేది, అన్నాన్ని కాదు. పట్టికలో రాసినదీ అదే పద్ధతి. కాకపోతే ఎండలో పనిచేసే వారికి చాలిన సోలెడు, పడక కుర్చీలో పేపరు చదివే నాకు ఎక్కువ. 2024లో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. మిగతాది పప్పు, కూర, పాలు, పళ్ళ నుంచి రావాలి.

సోదర పెన్షనర్లకు నా మనవి ఒక్కటే. మీ పట్టికలో రాసినది బియ్యమా, అన్నమా అని డాక్టరుగారిని అడిగి, ఆ మాట పట్టికమీదే రాయించుకోండి. వండేవారికి కూడా చూపించండి. మీ ఇంట్లో పాత సోల, గిద్దె ఉంటే ఇత్తడి సామాను వాడికి వేసేయకండి. ఒకసారి బియ్యం పోసి తూచి చూడండి.