ఇంటికి నాపరాయి: ఎక్కడ వేస్తే విలువ, ఎక్కడ వేస్తే నష్టం

ముంబయి, పుణె వైపు వంటింటి గట్టుకు, అలమర అరలకు వేసే నల్ల బండను అక్కడివాళ్లు ‘కడప్పా’ అనే పిలుస్తారు. ఆ పేరు కడప జిల్లా నుంచి పోయిందే. ఇక్కడ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో మాత్రం ఇల్లు బాగు చేయించాలంటే చాలామంది ముందు టైల్స్ షాపు మెట్లే ఎక్కుతున్నారు.

1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ల మీద రాసిన గ్రంథంలో ఒక రాతి వరుసకు జమ్మలమడుగు పేరే పెట్టారు. అందులోని నర్జి సున్నపురాయి పొరలు పొరలుగా విడిపోతుంది. అందుకే గనిలో ఉలి, గడ్డపారతో లేపినా పలకలాగా వస్తుంది. జనం నాపరాయి, కడప బండ అనేది దీన్నే. ఎర్రగుంట్ల, చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలకు కావాల్సిందీ సున్నపురాయే. పులివెందుల పేరుతోనూ ఒక రాతి పొర ఉంది. అది క్వార్ట్‌జైట్, చాలా గట్టిది. గండికోట దగ్గర పెన్నా నది కోసుకుపోయిన ఎర్ర కొండదీ ఆ రకమే.

ఇంటికి రాయి ఎంచేటప్పుడు ఈ తేడానే ముఖ్యం. నాపరాయి సున్నపురాయి కాబట్టి పులుపు పడితే తింటుంది. నిమ్మరసం, చింతపండు పులుసు కాసేపు నిలిచినా పాలిష్ పోయి తెల్ల మచ్చ పడుతుంది. ఇంకా పెద్ద నష్టం బాత్‌రూమ్ యాసిడ్‌తో. బండలు పరిచాక సిమెంటు మరకలు పోవాలని కొందరు యాసిడ్‌తో కడిగేస్తారు. కొత్త నేల ఆ ఒక్క రోజుతోనే పాడవుతుంది. సబ్బునీళ్లు, కొబ్బరి పీచు చాలు.

గ్రానైట్‌కు ఈ బాధ లేదు. కాబట్టి వంటింటి గట్టు పైభాగానికి గ్రానైట్, కింద ఆధారాలకు, అరలకు కడప బండ వేయించుకుంటే డబ్బు సరైన చోట ఖర్చయినట్టు. చెక్క అరల్లాగా చెద పట్టదు, నీళ్లకు ఉబ్బదు. ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లు వంటింట్లో తలుపులు తీసి చూసేది అక్కడే కదా. అయితే అర పొడవుగా ఉంటే మధ్యలో ఆధారం తప్పనిసరి. రాయి వంగదు, బరువెక్కువైతే ఒక్కసారిగా విరుగుతుంది.

వరండా, మెట్లు, పెరటి దారికి పాలిష్ లేని గరుకు బండే మేలు. పాలిష్ బండ తడిస్తే జారుతుంది, ముసలివాళ్లున్న ఇంట్లో బాత్‌రూమ్‌కు అసలే వద్దు. మిద్దె మీద కూడా నల్ల బండ వద్దు. కడప ఎండకు అది పెనంలా కాలుతుంది, పైగా కొన్నేళ్లకు నలుపు తగ్గి బూడిద రంగుకు తిరుగుతుంది.

పాత మట్టి మిద్దె కూల్చేవాళ్లు ఒకటి గమనించాలి. దూలాల మీద, చౌడు మట్టి కింద పరిచిన పాత బండలను మట్టితో పాటు ట్రాక్టర్‌కు ఎత్తించేస్తుంటారు. పగుళ్లు లేనివి ఏరి కడిగితే ప్రహరీ లోపల దారికో, అరుగుకో సరిపోతాయి. కొత్త బండ కొనే ఖర్చూ తప్పుతుంది.

కొత్తవి కొనేటప్పుడు మొత్తం ఒకే లోడులో తెచ్చుకోవాలి, రెండో లోడు రంగు కలవకపోవచ్చు. బండ మీద నీళ్లు చల్లి ఆరనిస్తే పగులు ఉన్నచోట తడి గీత ఆలస్యంగా ఆరుతుంది, అట్లాంటిది పక్కన పెట్టించాలి. మందం కూడా చూసుకోవాలి, గని బండ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పరిచేటప్పుడు నాలుగు మూలలకే కాకుండా బండ అడుగంతా సిమెంటు మాలు పట్టాలి. మేస్త్రీ వెళ్లేలోపు కర్రతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన బండను అప్పుడే లేపించి మళ్లీ వేయించుకోవాలి. బీరువా కాలు పడి విరిగాక మార్చాలంటే పక్క బండలు కూడా లేపాల్సి వస్తుంది.