మన గల్లీలో చెత్త: దాని వెనుక చరిత్ర



పోయిన ఏడాది మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు నన్నొక ప్రశ్న అడిగాడు. "సర్, పాతబస్తీవాళ్ళు మురికిలోనే ఉంటారు, వాళ్ళ అలవాటే అంత అని బస్సులో ఒకాయన అన్నాడు. నిజమేనా?" కాదురా బాబూ అన్నాను. ఎందుకు కాదో మాత్రం ఆనాడు సరిగా చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వ్యాసము.

హైదరాబాదు 1591లో మూసీ ఒడ్డున వెలసినది. ఈ నగరానికి బల్దియా ఏర్పాటు జరిగినది 1869లో, మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలంలో. అప్పుడు నగరాన్ని నాలుగు భాగాలుగాను, నది అవతలి చాదర్‌ఘాట్ శివారును ఐదు భాగాలుగాను విభజించారు. 1886లో చాదర్‌ఘాట్‌కు వేరే అధికారి వచ్చి, అది ప్రత్యేక మునిసిపాలిటీ అయినది. రెసిడెన్సీ బజార్లు ఆంగ్లేయుల చేతిలో ఉండేవి. సికిందరాబాదు దండు ఏర్పాట్లు వేరు. అంటే ఊరు చూడడానికి ఒకటే, ఊడ్చే చేతులు మాత్రం నాలుగు. ఏ చేతికి ఎంత డబ్బు ఉంటే అక్కడ అంత శుభ్రము.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది ప్రాణాలు తీసింది. 1911లో ప్లేగు వచ్చింది. ఈ రెండు దెబ్బల తర్వాత 1912లో ఏడవ నిజాం ప్రభుత్వము "ఆరాయిషె బల్దా" అనే నగరాభివృద్ధి బోర్డును నెలకొల్పినది. ఆ బోర్డు ఇరుకు వాడలు తొలగించి ఇళ్ళు కట్టించింది, రోడ్లు వెడల్పు చేసింది. మనం ఈనాటికీ చూచి మురిసిపోయే పత్తర్‌గట్టీ కమానులు దాని చలవే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయినవి. భూగర్భ డ్రైనేజీ పనులకు కూడా ఆయనే దారి చూపారు. కనుక పాతనగరాన్ని ఆనాడు ఎవరూ పట్టించుకోలేదని చెప్తే అది అబద్ధమే అవుతుంది.

మరి తేడా ఎక్కడ పెరిగింది? ఉన్నవారు క్రమంగా నది దాటి ఉత్తరానికి, పడమటికి తరలిపోయారు. 1949లో జాగీర్లు రద్దయినవి. పెద్ద దేవిడీలు ముక్కలై, ఒక్కొక్క ప్రాంగణంలో పది ఇరవై ఇళ్ళు లేచినవి. జనం పెరిగారు గాని గల్లీ వెడల్పు పెరగలేదు. 1933లో చాదర్‌ఘాట్ హైదరాబాదులో కలిసింది. 1960లో సికిందరాబాదు కార్పొరేషను కూడా కలిసింది. 2007లో చుట్టుపక్కల పన్నెండు మునిసిపాలిటీలు చేరి గ్రేటర్ అయినది. కాగితం మీద బల్దియా ఒకటే అయినది. కాని బండి పట్టని గల్లీలు, లోతు చాలని నాలాలు ఎక్కడివక్కడే ఉండిపోయినవి.

2015 నవంబరులో ఇంటింటి చెత్త కోసం ఆటోలు వచ్చినవి. తడి చెత్తకు, పొడి చెత్తకు వేరు వేరు బుట్టలు పంచారు. మంచి పనే. తర్వాతి ఏళ్ళలో వీధి మూలల పెద్ద డబ్బాలు తీసివేశారు. వెడల్పు రోడ్డున్న కాలనీలో ఆటో గేటు ముందు ఆగుతుంది. మన గల్లీలో అది మొదట్లోనే ఆగిపోతుంది. పొద్దున్నే కూలికి పోయిన ఇంటివారు వచ్చేసరికి ఆటో ఉండదు, డబ్బా ఉండదు. ఇక చెత్త ఎక్కడికి పోవాలి?

దీనికి తోడు బయటివారి చెత్త ఒకటి. పాత ఇల్లు కూల్చినవాడు ఆ మట్టిని, ఇటుక ముక్కలను సరైన చోటికి పంపాలంటే ఖర్చు. రాత్రికి రాత్రి ఏ చెరువు అంచునో, నాలా పక్కనో దింపితే ఆ ఖర్చు మిగులుతుంది. పోసిన మట్టిని చదును చేస్తే ప్లాట్లవుతాయి. కొనేది చౌక జాగా వెతుక్కునే పేదవాడు. 2020 అక్టోబరులో కుండపోత వానలకు పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగినప్పుడు అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ ఇళ్ళలోకి నీరు ఎట్లా వచ్చిందో మనలో చాలామంది కళ్ళారా చూశాము. చెరువు జాగా, నాలా జాగా మనం తింటే, నీరు మన ఇంటి జాగా అడుగుతుంది.

ఇది ఒక్క మన బాధ అనుకోవద్దు. నగరం చెత్తంతా ఏళ్ళ తరబడి మోసినది జవహర్‌నగర్. అక్కడ అన్ని మతాల బీదలూ ఉన్నారు. వారి బోర్లలో నీళ్ళు పాడైనవి. చెత్త మతం చూడదు, నోరు లేనివాణ్ణి చూస్తుంది.

మన తప్పు లేదా? ఉన్నది. బక్రీదు నాడు వ్యర్థాలు సంచిలో కట్టి నాలాలో వేసే చేతులు మనవే. దావత్ అయినాక ప్లాస్టిక్ పళ్ళేలు రోడ్డు మీద వదిలేది మనమే. వీధిలో, ఖాళీ జాగాలో, నాలాలో చెత్త వేయరాదని 2016 నిబంధనలు పౌరునికి చెప్పినవి. ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకుపోవాలని అవే నిబంధనలు బల్దియాకూ చెప్పినవి. మొదటిది మనం పాటిస్తేనే రెండవది గట్టిగా అడగగలము.

అడిగే పద్ధతి కూడా ఉన్నది. మా బస్తీ చివర ఖాళీ జాగాలో అర్ధరాత్రి లారీలు మట్టి పోసి పోయేవి. నాలుగుసార్లు ఆఫీసుకు పోయి నోటిమాటగా చెప్పాము, పని కాలేదు. ఐదోసారి తేదీలు, వేళలు, లారీ నంబర్లు ఒక నోటుబుక్కులో రాసి, నకలు జతచేసి అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాము. మూడు వారాల్లో ఆ కుప్ప తీశారు. రెండు నెలలకు మళ్ళీ ఎవరో పోశారు. మేము మళ్ళీ రాశాము. మన సంఘం ప్రతి మొహల్లాకు ఇటువంటి పుస్తకం ఒకటి పెడితే, రాసే పని పెద్ద పిల్లలకు అప్పగిస్తే బాగుంటుందని నా మనవి.

ఆ పిల్లవాడు ఇప్పుడు తొమ్మిదికి వచ్చాడు. మా బస్తీ నోటుబుక్కు వాడి దగ్గరే ఉన్నది. దస్తూరీ చక్కగా ఉంటుంది.